మరి మా అమ్మ ఎక్కడుంది?



మన పల్లెల్లో కృపారావులు, కృపమ్మలు, కృపావరాలు ఎంతమంది ఉన్నారో ఒకసారి లెక్కపెట్టండి. కృప అంటే అర్హత చూడకుండా దేవుడిచ్చేది. నీకు అర్హత లేదు అన్న మాట తరతరాలుగా విన్న జనం ఆ పదాన్ని పిల్లలకు పేరుగా పెట్టుకోవడం చిన్న సంగతి కాదు. ఏ పదం ఎవరి నోట్లో ఏ అర్థం తెచ్చుకుంటుందో చూడటం తెలుగు పాఠం చెప్పే నాకు రోజూ ఉండే పనే. అయితే ఈ పదాన్ని నిలదీయడం నేర్పింది మాత్రం యూనివర్సిటీ కాదు, మా నాయనమ్మ.

నాయనమ్మ పెళ్ళయ్యాక బాప్తిస్మం తీసుకుంది. ఆమె తల్లి మాత్రం చివరిదాకా పోలేరమ్మకు మొక్కుతూనే పోయింది. ఊరివాళ్ళ పొలాల్లో నాట్లేసి, కలుపు తీసి, దాహమేస్తే దోసిలి పట్టి పైనుంచి పోసిన నీళ్ళు తాగిన మనిషి. క్రీస్తును నమ్మకుండా చనిపోయినవాళ్ళంతా నిత్య నరకంలో ఉంటారని ఒక ఆదివారం మా అయ్యగారు ప్రసంగించారు. ఆరాధన అయ్యాక నాయనమ్మ అడిగింది, "అయ్యగారూ, మరి మా అమ్మ?" ఆయన బైబిలు తెరిచి ఒక వాక్యం చూపించారు. నాయనమ్మకు చదువు రాదు. ఇంటికి వస్తూ నాతో అంది, "ఈడా ఊరి బయటే, ఆడా ఊరి బయటేనంటరా." నాకప్పుడు పదేళ్ళు.

ఈ ప్రశ్నకు పెద్ద చరిత్రే ఉందని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. 1552లో ఫ్రాన్సిస్ జేవియర్ కొచ్చిన్ నుంచి యూరప్‌కు ఒక ఉత్తరం రాశాడు. జపాన్‌లో కొత్తగా క్రైస్తవులైనవాళ్ళు, చనిపోయిన తమ తల్లిదండ్రులకు ఇక విముక్తి లేదని విని ఏడ్చారని అందులో ఉంది. మన దగ్గరికి రండి. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది. ఎక్కువమంది మాదిగలు. అప్పటికి పెద్ద కరువు ఊళ్ళను ఊడ్చేసి ఉంది. ఆ కరువులో తల్లినో తండ్రినో పూడ్చిపెట్టి ఆ నీళ్ళలో దిగినవాళ్ళు ఎందరుండి ఉంటారో ఆలోచించండి. వాళ్ళందరిదీ మా నాయనమ్మ ప్రశ్నే.

అయ్యగారు చెప్పిన జవాబే క్రైస్తవం ఇచ్చిన ఏకైక జవాబు అని నేను చాలాకాలం అనుకున్నాను. కాదు. మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన ఆరిజెన్, చివరికి సమస్త సృష్టీ దేవుడి దగ్గరికి తిరిగి చేరుతుందని ఆశించాడు. దీనికి గ్రీకులో అపోకటాస్టసిస్ అని పేరు, పునఃస్థాపన అని అర్థం. నాలుగో శతాబ్దంలో, నేటి టర్కీలోని కప్పదొకియ ప్రాంతంలో, నిస్సా బిషప్ గ్రెగొరీ అదే ఆశను ఇంకా గట్టిగా చెప్పాడు. ఆత్మ గురించి, పునరుత్థానం గురించి అతను రాసిన సంభాషణలో పాఠం చెప్పేది అతను కాదు, 379లో మరణశయ్య మీదున్న అతని అక్క మక్రీనా. ఆ గ్రంథంలో అతను ఆమెను గురువు అనే పిలుస్తాడు.

మన చదువుకు ముఖ్యమైనది ఇక్కడే ఉంది. మక్రీనాది ఆస్తిపరుల కుటుంబం. ఇంట్లో బానిసలున్నారు. ఆమె తన తల్లిని ఒప్పించి, ఆ బానిస స్త్రీలతో సమానంగా, ఒకే తిండి తిని, ఒకే తీరుగా బతికేలా చేసిందని గ్రెగొరీ ఆమె జీవితచరిత్రలో రాశాడు. 380 ప్రాంతంలో అతనే ప్రసంగి గ్రంథం మీద మాట్లాడుతూ, దాసులను కొన్నానని చెప్పుకునే యజమానిని నిలదీశాడు. దేవుడి పోలికలో పుట్టిన మనిషికి ఎంత వెల కట్టావు, అమ్మే హక్కు ఎవరికుంది, దేవుడే స్వేచ్ఛ ఇచ్చినవాణ్ణి నువ్వెలా బానిసను చేస్తావు అన్నాడు. బానిసలను దయగా చూడమని చెప్పినవాళ్ళు ఇంకా ఉన్నారు. బానిసత్వమే తప్పని అంత సూటిగా అన్న గొంతు ప్రాచీన ప్రపంచంలో మరొకటి దొరకడం కష్టం.

ఇప్పుడు అగస్టీన్‌ను పక్కన పెట్టి చూడండి. కృప ఉచితమని ఆయనంత గట్టిగా చెప్పినవాళ్ళు తక్కువ. కానీ అది అందరికీ కాదన్నాడు. ఐదో శతాబ్దంలో రాసిన 'దైవనగరం' 21వ భాగంలో, శిక్షకు ఎప్పటికైనా అంతముంటుందని నమ్మే దయాళువులను ఖండించాడు. అదే గ్రంథం 19వ భాగంలో, బానిసత్వం మనిషి స్వభావంలో లేదంటూనే, దానికి మూలకారణం పాపమని రాశాడు. పూర్వజన్మ కర్మ అన్న మాట విని పెరిగిన మనకు ఈ వాదన కొత్తగా వినిపించదు.

సార్వత్రిక రక్షణను నమ్మినవాళ్ళంతా బానిసత్వాన్ని ఎదిరించారని నేననడం లేదు. అలా జరగలేదు. గ్రెగొరీ మాటతో రోమన్ సామ్రాజ్యంలో బానిసత్వమూ పోలేదు. నేననేది ఇంతే: ఏ మనిషీ చివరికి పారేయదగినవాడు కాదని నమ్మితే, ఈ లోకంలో మనిషిని పారేయడానికి సాకు దొరకడం కష్టమవుతుంది. 543లో జస్టీనియన్ చక్రవర్తి ఆరిజెన్ బోధలను నిషేధిస్తూ శాసనం చేశాడు. 553లో కాన్‌స్టాంటినోపుల్ సభ అతని పేరును శాపగ్రస్తుల జాబితాలో చేర్చింది. గ్రెగొరీ మాత్రం ఇప్పటికీ సెయింటే.

ఇక్కడ నా విద్యార్థి ఒకడు అడిగిన ప్రశ్న ఉంది. "సార్, అందరికీ రక్షణ అంటే చుండూరులో నరికినవాళ్ళకు కూడానా?" తప్పించుకోకూడని ప్రశ్న. 1991 ఆగస్టు 6న అక్కడ 8 మంది దళితులను చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులని వదిలేసింది. దాన్ని కృప అనగలమా? అనలేం. గ్రెగొరీ గ్రంథంలో ఒక పోలిక ఉంది. బురద పట్టి గట్టిపడిన తాడును సన్నటి రంధ్రంలోంచి లాగుతారు. బురదంతా గీరుకుపోతేనే తాడు బయటికొస్తుంది. ఎంత బురదుంటే అంత బాధ. అంటే అతను నమ్మిన రక్షణలో న్యాయం మాఫీ కాలేదు. చేసింది ఒప్పుకోకుండా, దాని బరువు మోయకుండా ఎవడూ ఆ రంధ్రం దాటడు. శిక్షకు అంతముందని అతను అన్నాడు, అసలు శిక్షే లేదని అనలేదు. కోర్టు వదిలేసినవాడు బురదతోనే తిరుగుతున్నాడు.

అందుకే కృప పేరుతో బాధితులను క్షమించేయమని తొందరపెట్టే ప్రసంగాలను నేను ఒప్పుకోను. అదే కృప పేరు చెప్పి మన పూర్వీకులను నరకానికి పంపే ప్రసంగాలనూ ఒప్పుకోను. మొదటిది నేరగాడికి షరతు లేకుండా చేస్తుంది, రెండోది కూలితల్లికి షరతు పెడుతుంది. రెండూ కృపను తలకిందులు చేసేవే.

నాయనమ్మకు గ్రెగొరీ పేరు తెలియదు. ఏటా నవంబరు 2న, సమాధుల పండగకు, మావాళ్ళ సమాధులన్నిటి మీదా కొవ్వొత్తులు పెట్టాక ఒకటి మిగుల్చుకునేది. ప్రహరీ గోడ దాటి కాలవగట్టు దాకా నడిచేది. బాప్తిస్మం లేని వాళ్ళమ్మను పూడ్చింది అక్కడే. గాలికి ఆరిపోతుంటే చేయి అడ్డం పెట్టి మళ్ళీ వెలిగించేది. అయ్యగారు చూసేవారు. ఆమె ఆగేది కాదు.