రెండు చెంబుల్లో కొలిచే దూరం

పదో తరగతి పాఠంలో కుంభాకార దర్పణం ముచ్చట ఒక్క వాక్యంతో అయిపోతుంది: వెనక రోడ్డు చూసుకోవడానికి డ్రైవర్లు వాడతారు. ఎల్లంతకుంటలో భౌతికశాస్త్రం చెప్పిన సారుగా నాకది ఎప్పుడూ చాలలేదు. ఆ అద్దానికి వెయ్యేళ్ల చరిత్ర ఉంది.

11వ శతాబ్దం తొలినాళ్లలో కైరోలో ఇబ్న్ అల్ హైతమ్ ఒక చిక్కుముడి పట్టుకున్నాడు. వస్తువు ఇక్కడ, కన్ను అక్కడ ఉంటే, గుండ్రటి అద్దం మీద వెలుగు ఎక్కడ తగిలి కంటికి చేరుతుంది? లెక్కలోకి దిగితే నాలుగో ఘాతపు సమీకరణం ఎదురవుతుంది. ఫలానా చోట ఉన్న వస్తువు బొమ్మ గోళాకార అద్దంలో ఎక్కడ కనిపిస్తుందో కచ్చితంగా లెక్కగట్టాలంటే ఇవాళ్టికీ ఆ చిక్కుముడి విప్పాల్సిందే.

ఉస్మానియా వాళ్లు 1960ల చివర్లో జపాల్-రంగాపూర్‌లో నిలబెట్టిన 48 అంగుళాల టెలిస్కోపులో ఉన్నది పుటాకార అద్దం. ఆకాశంలో కొద్ది మేర నుంచి వచ్చే వెలుగును అది ఒకచోటికి పోగుచేస్తుంది. కుంభాకారం అందుకు తలకిందులు. చుట్టూ ఉన్నదంతా చిన్న బొమ్మలో ఇముడుస్తుంది. అతిపరావలయ అద్దానికి టీవీ కెమెరా గురిపెట్టి నలుదిక్కులూ ఒకేసారి చూసే పద్ధతికి డొనాల్డ్ రీస్ 1970లో అమెరికా పేటెంటు పొందాడు.

వెడల్పు దొరికింది, ఇక కావలసింది లోతు. రాంచీ దగ్గరి మెస్రాలో ఇంజనీరింగ్ చదివిన శ్రీ నాయర్, 1988లో మెరిసే రెండు గోళాలతో, ఒక్క కెమెరాతో దూరం కొలిచే పద్ధతి చూపాడు. 2010లో తగుచి, అమిత్ అగ్రవాల్, రమేశ్ రస్కర్‌ల బృందం బోలెడు గోళాకార అద్దాలను వరుసగా పేర్చి, ఒక్క ఫొటోలోనే విశాలమైన దృశ్యాన్ని లోతుతో సహా పట్టింది.

ఇందులోని కిటుకు మన వంటింట్లోనే తేలుతుంది. రెండు స్టీలు చెంబులు పక్కపక్కన పెట్టండి. రెంటికీ నడుమ, కాస్త ముందు అగ్గిపెట్టె నిలబెట్టి, కొంచెం పైనుంచి ఫోనుతో ఫొటో తీయండి. ఎడమ చెంబులో అగ్గిపెట్టె కుడివైపుకు, కుడి చెంబులో ఎడమవైపుకు కనిపిస్తుంది. దాన్ని చెంబులకు దూరంగా జరిపి మళ్లీ తీస్తే, రెండు బొమ్మలూ తమ తమ చెంబుల నడిమికి జరుగుతాయి. ఎంత జరిగాయో కొలిస్తే దూరం తెలుస్తుంది.

తోటి సార్లకు, మేడమ్‌లకు నా విన్నపం ఒక్కటే. వక్రతలాల పాఠం నాడు ముందు రెండు చెంబులు బల్ల మీద పెట్టండి, సూత్రం తర్వాత రాయండి.