వలసపోయినవారి మూలగ్రామము

స్విట్జర్లండునుండి అమెరికాకు వలసపోయిన తాత బంధువులను వెదకువారు మొదట నడుగవలసినది ఆయన జన్మస్థలము గాదు, మూలగ్రామము. ఆ దేశమున పౌరసత్వము గ్రామము ననుసరించి యుండును. తండ్రి గ్రామమే బిడ్డలకు సంక్రమించెడిది. వారెచ్చట బుట్టినను ఆ గ్రామపు కుటుంబపట్టికలలో వారి పేళ్లు వ్రాయుట వాడుకగా నుండెను.

బీదలను బోషించుటయు నాడు మూలగ్రామమునకే విధిగా నుండెను. ఆ వ్యయమునకు వెఱచి కొన్ని గ్రామములు ఓడకూలి తామే చెల్లించి బీదలను సాగనంపినవి. ఆర్గౌ మండలమున నేడు రోత్‌రిస్ట్ అనబడు గ్రామము 1855లో 305 మందిని అమెరికాకు బంపెను. వెళ్లగొట్టిన గ్రామముల పట్టికలే నేడు మనుమలకు దారి చూపుచున్నవి.

స్త్రీల జాడ యంత సులభముగా దొరకదు. పెండ్లితో వారికి మగని గ్రామమే మూలగ్రామ మగుచుండెను. అన్యదేశీయుని బెండ్లాడిన స్త్రీ, 1952 నాటి చట్టము వచ్చువఱకు, సాధారణముగా పౌరసత్వమునే కోలుపోవుచుండెను. కావున అమ్మమ్మ తోబుట్టువులను వెదకువారు చర్చిలోని వివాహపు పుస్తకములను, జ్ఞానస్నానపు పుస్తకములను గూడ పరికింపవలయును.

వంశచరిత్ర పురుషుల పేళ్ల వరుస మాత్రమే కాదని మేము తలంచుచున్నాము. ఆడుబిడ్డల పేళ్లు చేరనిచో నది సగము చరిత్రయే.