బాలమందిరం పక్కనే గురుమందిరం

తల్లి ఒడే తొలి మదర్సా అని మన పెద్దల మాట. మామిడి కోతలకు ఆ తల్లి తోటకు పోతే బిడ్డను చూసేదెవరు? మన రెడ్డిగూడెంలో కొన్ని ఇళ్ళలో బడి మాని అక్కే చూసుకోవలసి వస్తున్నది.

చరిత్రలో దీనికొక దారి ఉంది. గుజరాత్‌లోని భావనగర్‌లో దక్షిణామూర్తి సంస్థ ఆవరణలో గిజూభాయి బధేకా 1920లో బాలమందిరం తెరిచారు. 1925లో అక్కడే ఉపాధ్యాయ శిక్షణ కూడా మొదలైంది. 1939లో మాంటిస్సోరి అమ్మ మద్రాసు వచ్చి, అడయారులో దివ్యజ్ఞాన సమాజం ఆవరణలో శిక్షణ తరగతులు నడిపారు. అప్పుడు మన ప్రాంతం మద్రాసు రాష్ట్రంలోదే.

పసిపిల్లల సంగతి పుస్తకంలో కంటే పిల్లల మధ్య కూర్చుంటేనే బాగా తెలుస్తుంది. అందుకే మేము కోరేదొకటే: మన సంఘం శిశుకేంద్రం కట్టిననాడు శిక్షణకూ ఒక గది ఉండాలి. ఇవాళ తమ్ముణ్ణి చంకనెత్తుకుని బడి మానిన అమ్మాయే రేపు అక్కడ పంతులమ్మ కావాలి.