తెలుగునాట లాకులు - జలయాన నియమము

హైదరాబాదు నగరమునకు తూర్పున దిల్‌సుఖ్‌నగరమును, ఎల్.బి. నగరమును దాటి విజయవాడ మార్గమున సాగువారికి అబ్దుల్లాపూర్‌మెట్ కానవచ్చును. ఈ మార్గము చెఱువుల సీమను కాలువల సీమతో కలుపుచున్నది. చెఱువుల సీమలో నీటిని ఏలు సాధనములు ప్రధానముగా రెండు. పొలమునకు నీటిని విడుచునది తూము. మిగులునీటిని వెలికి పంపునది మత్తడి. దీనినే అలుగు అనియు అందురు. ఈ రెండును నీటిని పంపుటకై ఏర్పడినవి. మార్గము చివర కృష్ణాతీరమున కనుపించు మూడవ సాధనము వీనికి భిన్నమైనది. అది నీటిని కొంతసేపు నిలిపి, ఆ నీటిచేతనే పడవను ఎత్తును, దించును. దానిని జనులు లాకు అందురు. ఇది తెలుగునాట ఎట్లు నెలకొనెను, దీనిని ఆపద లేక దాటుటకు వలయు నియమము లెవ్వి, ఇది ఏల మూలబడెను అను మూడు విషయములను ఈ వ్యాసమున విచారింపదలచితిమి.

మొదట పదమును గూర్చి ఒక మాట. లాకు ఆంగ్లము నుండి వచ్చిన పదము. ఇంటి తలుపునకు వేయు తాళమునకును, కాలువపై కట్టిన ఈ కట్టడమునకును ఆంగ్లమున ఒకటే మాట. తెలుగు మొదటి అర్థమునకు తన మాటను నిలుపుకొని, రెండవదానికి మాత్రమే అరువు తెచ్చుకొనెను. గోదావరి మధ్యడెల్టాలోని లొల్ల లాకులు, కృష్ణ పడమటి డెల్టాలోని దుగ్గిరాల లాకులు మున్నగు వాడుకలలో ఈ పదము స్థలనామమువలె స్థిరపడినది. ఒక్క చోటి కట్టడమును బహువచనమున పేర్కొనుట గమనింపదగినది. రెండు కొనలు, ఒక్కొక్క కొనకు జోడు తలుపులు ఉండుటచే ఇట్లయ్యెనని ఊహింపవచ్చును. పడవవాని భాషలో తెడ్డు, గడ, తెరచాప దేశీయములు, సరంగు, లస్కరు అనునవి పారసీకమూలములు, లాకు ఆంగ్లము. ఒక్క పడవ ప్రయాణమున మూడు భాషల చరిత్ర ఇమిడియున్నది.

ఇట్టి కట్టడము ఐరోపావారి సొంత సృష్టి కాదు. చైనాలో సా.శ. 984లో చియావో వెయ్‌యువె అను అధికారి మహాకాలువపై రెండు ద్వారముల నడుమ పడవను నిలుపు పద్ధతిని ఏర్పఱచెను. అంతకుముందు పడవలను వాలుగట్లపై ఈడ్చుచుండగా అవి దెబ్బతినుచుండెడివి. అనగా లాకు పుట్టుకకే పడవల క్షేమము కారణము. పదునైదవ శతాబ్ది తుదిని ఇటలీలోని మిలాను నగరమున లియొనార్డో డా విన్చి కోణముగా కలియు జోడు తలుపులను రూపొందించెను. ఈ తలుపులు ఎగువనీటి వైపునకు మొనతేలి యుండును. నీరు ఒత్తినకొలది అవి మఱింత గట్టిగా మూసికొనును. తెలుగునాటి లాకులు ఈ సంప్రదాయమునకు చెందినవే.

లాకులకు పూర్వపు ప్రయాణమెట్టిదో తెలియగోరువారికి ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రచరిత్ర ఉత్తమాధారము. ఆయన 1830లో మద్రాసునుండి బయలుదేరి హైదరాబాదు మీదుగా కాశికేగి, 1831లో తూర్పుతీరము వెంబడి మరలివచ్చెను. ఆ నాటికి గోదావరీ కృష్ణలు దాటవలసిన అడ్డంకులే కాని సాగిపోదగిన మార్గములు కావు. ఆ పిమ్మట ఇరువది ఏండ్లకు స్థితి మాఱినది. ఆర్థర్ కాటన్ పర్యవేక్షణమున 1847లో ఆరంభమైన ధవళేశ్వరము ఆనకట్ట 1852లో ముగిసెను. ఈ నిర్మాణమున వీణెం వీరన్నగారు ఆయనకు తోడ్పడిరి. విజయవాడ వద్ద కృష్ణానది ఆనకట్ట 1852 - 55 సంవత్సరములలో చార్లెస్ ఓర్ ఆధ్వర్యమున నిర్మింపబడెను. రెండు నదుల కాలువలును సేద్యమునకే కాక పడవలకును పనికివచ్చునట్లు త్రవ్వబడినవి. గోదావరి డెల్టాలోనే దాదాపు 500 మైళ్ల కాలువలపై పడవలు నడిచెను. ఏలూరు కాలువ రెండు డెల్టాలను కలిపెను. 1876 - 78 నాటి కఱవులో కూలికి వచ్చిన జనులచేత త్రవ్వింపబడిన భాగముతో బకింగ్‌హాం కాలువ పెదగంజాము వద్ద కృష్ణ కాలువలను చేరెను. దీనితో కాకినాడనుండి మద్రాసువఱకు లోతట్టు జలమార్గ మేర్పడెను. నేల మట్టము తగ్గినచోటనెల్ల లాకు ఒక మెట్టు. బకింగ్‌హాం కాలువపై మాత్రము సముద్రపు పోటుపాటులను అదుపుచేయుటయు లాకుల పనియే.

ఇక దాని పని తీరు. దిగువనుండి వచ్చిన పడవ రెండు గోడల నడుమనున్న తొట్టివంటి చోట ప్రవేశించును. దిగువ తలుపులు మూయుదురు. తలుపులలో గాని గోడలలో గాని ఉన్న చిన్న పలకలను ఎత్తి, ఎగువనీటిని లోనికి విడుతురు. లోని నీరు ఎగువ మట్టమునకు వచ్చినపుడే ఎగువ తలుపులు తెఱచుకొనును. ఇందలి మూలసూత్ర మొక్కటే: ఇరువైపుల నీరు సమమగువఱకు తలుపు తీయరాదు. ఈ నియమము అధికారి ఆజ్ఞవలన పుట్టినది కాదు, నీటి స్వభావమువలన పుట్టినది. పది అడుగుల వెడల్పు గల తలుపునకు ఒక వంక తొమ్మిది, మఱియొక వంక ఎనిమిది అడుగుల నీరున్నదనుకొందము. ఆ ఒక్క అడుగు భేదముచే తలుపుపై పడు అధికభారము సుమారు 5300 పౌనులు. మనుష్యుని బలము దానికి చాలదు. బలిమిని తెఱవజూచువాడు తలుపునకో, పడవకో, తనకో హాని తెచ్చుకొనును.

తక్కిన జాగ్రత్తలన్నియు ఈ సూత్రమునుండి వెలువడునవే. పలకలను మెల్లగా ఎత్తవలెను. ఒక్కపెట్టున ఎత్తినచో సుడులు పుట్టి పడవ గోడలకు కొట్టుకొనును. పైకెక్కు పడవ ఎగువ తలుపునకు దూరముగా నిలువవలెను, ఏలయనగా నీటి తాకిడి అచటనే అధికము. దిగు పడవకు మఱియొక ఆపద కలదు. ఎగువ తలుపుక్రింద నీటిలో మునిగియున్న రాతిగడప, నీరు తగ్గినకొలది పైకి తేలును. పడవ వెనుకభాగము దానిపై చిక్కినచో ముందుభాగము నీటిలో క్రుంగును. కావున దిగునపుడు పడవను దిగువ తలుపులవైపునకు జరిపి నిలుపవలెను. త్రాటిని గట్టుపైనున్న కొయ్యకు ముడివేయరాదు. ఒక చుట్టు చుట్టి కొనను చేతబట్టి, నీటితోబాటు వదలుచుండవలెను. ముడివేసిన పడవ దిగువేళ త్రాటికి వ్రేలాడి ఒఱగును. గోడకును పడవకును నడుమ చేయిగాని కాలుగాని పెట్టరాదు. పడవలోనివారందఱు కూర్చుండియే యుండవలెను. లాకుపై ఒక్కని మాటయే సాగవలెను. లస్కరు ఒకటి, సరంగు ఒకటి చెప్పినచో ప్రమాదము తప్పదు. నేటి ప్రయాణికులకు తేలుకోటు ధరించుటయు ఇందు చేర్పదగినది.

తెలంగాణమునకును ఈ చరిత్రలో భాగము కలదు. గోదావరిని నాగపురసీమవఱకు పడవమార్గముగా మార్పవలెనని కాటన్ తలచెను. దారిలో రాతితిప్పల అడ్డంకులు మూడు కలవు. వానిలో మొదటిది భద్రాచలమునకు ఎగువనున్న దుమ్ముగూడెము వద్దది. హేగ్ అను సైనిక ఇంజనీరు ఆధ్వర్యమున అచట ఆనకట్టయు, లాకులతో కూడిన కాలువయు వెలసెను. వ్యయము పెరుగుచుండుటచే 1871లో ప్రభుత్వము ఆ మహాప్రయత్నమును విరమించెను. ఎగువనున్న రెండు అడ్డంకులు తొలగకున్నందున మార్గము అసంపూర్ణముగా మిగిలెను. ఒక్క లాకుచే మార్గము కాదు. మెట్లన్నియు పూర్తియైననే మెట్లదారి యగును.

డెల్టాలలో లాకులు మూలబడుటకు రైలును, లారీయును కారణములని సామాన్యముగా చెప్పుదురు. ఇది నిజమే. నైజాము రైలు 1889 నాటికి విజయవాడను చేరెను. 1900లో రాజమహేంద్రవరము వద్ద గోదావరిపై రైలువంతెన తెఱవబడెను. కాని కాలువలోననే ఒక అంతర్విరోధము ఉండెనని మా అభిప్రాయము. రైతునకు పాఱునీరు కావలెను. పడవకు నిలుకడ నీరు కావలెను. వేసవిలో మరమ్మతులకై కాలువ కట్టివేయుట సేద్యమునకు మేలు, పడవకు నిలుపుదల. పైగా లాకు నీటిని వ్యయపఱచును. ఉదాహరణకు నూఱడుగుల పొడవు, ఇరువదడుగుల వెడల్పు, అయిదడుగుల ఎత్తుభేదము గల లాకు ఒక్కసారి పనిచేసినచో 10,000 ఘనపుటడుగుల నీరు, అనగా 2 లక్షల 83 వేల లీటర్లు, దిగువకు పోవును. నీరు సమృద్ధిగా ఉన్నంతకాలము ఇది లెక్కకు రాలేదు. నీటికి పోటీ పెరిగినపుడు పడవకంటె పైరే ముఖ్యమయ్యెను. ఇందు అన్యాయ మేమియు లేదు. అయినను రెండు ప్రయోజనములను ఒక్క కాలువలో కూర్చిన పూర్వుల యోజనలో ఒకటి తెగిపోయినదని చరిత్రకారుడు గుర్తింపవలసియున్నది.

ఈ విచారణ పాతకథగా ముగియునది కాదు. 2008లో కాకినాడ - పుదుచ్చేరి కాలువలను, గోదావరీ కృష్ణల కొన్ని భాగములను కలిపి నాలుగవ జాతీయ జలమార్గముగా ప్రకటించిరి. ఈ కాలువలపై మరల పడవలు నడువవలెనన్నచో లాకులు బాగుపడవలెను. రాయియు ఇనుమును ధనముతో సమకూరును. లాకును నడుపు నేర్పు అట్లు సమకూరదు. 2019 సెప్టెంబరులో గోదావరిపై కచ్చులూరు వద్ద వరదవేళ విహారనౌక మునిగి నలువదిమందికి పైగా మరణించిరి. అచట లాకు లేదు. కాని నీటి స్థితిని గమనించిన పిమ్మటనే పడవను కదపవలెనను లాకునీతి తెఱపినదికి అంతకంటెను అవసరమని ఆ దుర్ఘటన తెలుపుచున్నది.

కావున పరిశోధక విద్యార్థులకు మా మనవి యిది. లాకుల శిలాఫలకములను, కొలతలను ఇంజనీరులు నమోదుచేయుదురు. పాత లస్కరుల, సరంగుల నోటనున్న మాటలను, సైగలను, హెచ్చరికలను సేకరించుట భాషాశాఖల పని. ఆ మాటలలో ఒక్కొక్కటి ఎన్నడో జరిగిన ఒక ప్రమాదమునుండి నేర్చిన పాఠమై యుండవచ్చును. కట్టడము శిథిలమైనను మరల కట్టుకొనవచ్చును. దానిని క్షేమముగా దాటుట నేర్పిన మాట పోయినచో, ఆ పాఠమును మరల ప్రాణములొడ్డి నేర్చుకొనవలసి వచ్చును.