కణుపున్న కాడ, కణుపు లేని ఊట

మా వంటింటి కిటికీలో ఇప్పుడు మూడు గాజుగ్లాసులున్నాయి. ఒకదాంట్లో ఉల్లికాడల మొదళ్ళు, ఇంకోదాంట్లో ఆకు దూసేసిన పుదీనా కాడలు, మూడోదాంట్లో బచ్చలి తీగ ముక్క. మనామాలో ఆకుకూరలు దొరక్క కాదు లెండి. చెత్తబుట్టలో వెయ్యబోతున్నానని తెలిసి అమ్మ ఫోన్లోనే కసిరింది: "కణుపుంటే పారెయ్యొద్దురా, గుచ్చితే బతుకుతాది!" పుదీనాకి వారంలో వేళ్ళొచ్చాయి. మా ప్రోగ్రామర్ల భాషలో చెప్పాలంటే, విత్తనం లేకుండా కాపీ-పేస్ట్ అన్నమాట.

ఈ విద్య బహ్రెయిన్‌కి కొత్తేం కాదు. ఖర్జూరం గింజ నాటితే తల్లిచెట్టు పండే వస్తుందని నమ్మకం లేదు, అసలది మగచెట్టే కావచ్చు. అందుకే మనం అరటికి చేసినట్టే ఇక్కడి రైతులూ తల్లి మొదట్లో పిలకలు తీసి నాటేవారు. ఉత్తరాన తోటలు అలా పెరిగినవే. నీళ్ళంటారా, నేలలోంచి ఊటలు వాటంతటవే ఉబికేవి. సముద్రం అడుగున కూడా మంచినీటి ఊటలుండేవి. ముత్యాల వేటకెళ్ళినవాళ్ళు మునిగి, తోలు తిత్తుల్లో ఆ నీళ్ళు పట్టుకొచ్చేవారు.

1925లో మేజర్ ఫ్రాంక్ హోమ్స్ అనే ఆయన ఇక్కడ బోర్లు వేసి మంచినీళ్ళు తెప్పించాడు. ఆ మెప్పుతోనే ఆ ఏడాది చివర్లో ఆయనకి చమురు వెతికే హక్కు దక్కింది. 1932లో చమురు పడింది. తర్వాత ఊళ్ళు పెరిగాయి, బోర్లూ పెరిగాయి. ఊరే నీటికన్నా తోడే నీరెక్కువై, అడుగు పొరల్లోకి ఉప్పునీరు చేరింది. పేరుమోసిన అధారి ఊట కూడా ఎండిపోయింది. 1975లో సిత్రాలో సముద్రపు నీటిని మంచినీరు చేసే ప్లాంటు మొదలైంది. ఇవాళ నా బచ్చలి తాగేదీ ఎక్కువగా అలా ఉప్పు తీసిన నీళ్ళే.

అన్నట్టు, అధారి మీద ఇక్కడో సామెత ఉంది: దూరాన ఉన్నవాళ్ళకి నీళ్ళిస్తుంది, దగ్గరివాళ్ళని వదిలేస్తుందని. మొదటిసారి విన్నప్పుడు నన్నే అన్నట్టనిపించింది. అనంతపురం పక్కన మా పొలంలో నాయన వేయించిన మూడు బోర్లలో రెండు ఎండిపోయాయి. మూడోదానికి డబ్బు పంపింది నేనే, ఈ చమురు దేశంలో సంపాదించిన డబ్బే. ఇప్పుడు నాలుగోదంటున్నాడు.

కాడకి కణుపుంది కాబట్టి గ్లాసులో పెడితే చిగురించింది. ఎండిన ఊటని ఏ గ్లాసులో పెట్టను? ఈసారి బోరుకి కాదు, డ్రిప్పుకి పంపుతానన్నాను. నాయన ఇంకా ఒప్పుకోలేదు.