పాఠం చెప్పే పరిశోధక విద్యార్థి: అమెరికాలో టీఏ శిక్షణ పుట్టుక

అమెరికా విశ్వవిద్యాలయాల్లో పరిశోధక విద్యార్థుల చేత కింది తరగతులకు పాఠాలు చెప్పించే పద్ధతి 19వ శతాబ్దం చివరినాటికే వేళ్లూనుకోగా, అలా చెప్పబోయేవారికి ముందుగా బోధన నేర్పాలన్న ఆలోచన ఒక వ్యవస్థగా నిలదొక్కుకోవడానికి ఇంచుమించు మరో ముప్పాతిక శతాబ్దం పట్టింది. ఈ జాప్యానికి మూలం డాక్టరేట్ పట్టా స్వభావంలోనే ఉంది. 1876లో బాల్టిమోర్‌లో ప్రారంభమైన జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం జర్మనీ నమూనాలో పరిశోధనకు పెద్దపీట వేసి, ఏడాదికి 500 డాలర్ల చొప్పున 20 ఫెలోషిప్పులు ఇచ్చింది. తక్కిన విశ్వవిద్యాలయాలు కూడా క్రమంగా ఆ దారి పట్టినా, ఇచ్చిన డబ్బుకు బదులుగా పని చేయించుకోవడం కాలక్రమేణా ఆనవాయితీ అయింది. అలా ఏర్పడిన కొలువే టీచింగ్ అసిస్టెంట్, మన విద్యార్థుల నోట టీఏ: ఫీజు మినహాయింపు, నెలనెలా స్టైపెండ్ పుచ్చుకొని, అందుకు ప్రతిగా ల్యాబులు నడపడం, ప్రొఫెసర్ ఉపన్యాసంలో అర్థం కానిదాన్ని చిన్న తరగతుల్లో విడమరచి చెప్పడం, పేపర్లు దిద్దడం ఆ కొలువులోని పనులు. పీహెచ్‌డీ వ్యామోహాన్ని ఎద్దేవా చేస్తూ 1903లో రాసిన వ్యాసంలో తత్వవేత్త విలియం జేమ్స్, ఆ పరీక్షలో నెగ్గినంత మాత్రాన మంచి అధ్యాపకుడవుతాడన్న భరోసా లేదని హెచ్చరించినా, విశ్వవిద్యాలయాలు ఆ మాటను చెవికెక్కించుకోలేదు.

వాటిని కదిలించింది విద్యార్థుల సంఖ్య. రెండో ప్రపంచయుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికులకు ప్రభుత్వ ఖర్చుతో చదువు చెప్పించే 1944 నాటి చట్టంతోనూ, ఆ తరువాత యుద్ధానంతరం పుట్టిన తరం కళాశాల వయసుకు రావడంతోనూ, 1940లో సుమారు 15 లక్షలుగా ఉన్న ఉన్నత విద్యార్థుల సంఖ్య 1970 నాటికి 85 లక్షలు దాటింది. ప్రొఫెసర్లు ఆ వేగంతో పెరగలేదు కనుక భారమంతా టీఏల భుజాన పడింది. మిచిగన్ విశ్వవిద్యాలయ మనస్తత్వశాస్త్ర విభాగంలో కొత్తగా పాఠం చెప్పేవారికోసం విల్బర్ట్ మెకీచీ కూర్చిన సూచనలు 1951లో పుస్తకంగా వెలువడి, ఇప్పటికీ కొత్త కూర్పులతో సాగుతున్నాయి. బోధనపై పరిశోధనకు 1962లో అక్కడే ఒక ప్రత్యేక కేంద్రం వెలసింది. మరోవైపు విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో 1966లో టీఏలు తమ సంఘాన్ని స్థాపించుకొని, 1970లో సమ్మెకు దిగినప్పుడు, జీతభత్యాలతో పాటు కోర్సుల రూపకల్పనలో తమకు పాలు ఉండాలని కూడా అడిగారు. ఒప్పందం కుదిరింది కానీ, ఈ రెండో కోరిక మాత్రం నెరవేరలేదు.

శిక్షణ తప్పనిసరి కావడం వెనక మాత్రం అంత గౌరవప్రదం కాని కథ ఒకటుంది. 1970ల చివరినుంచి ఇంజినీరింగ్, గణిత, విజ్ఞానశాస్త్ర విభాగాల్లో ఆసియా దేశాల పరిశోధక విద్యార్థులు పెరగగా, వారి ఉచ్చారణ అర్థం కావడం లేదని విద్యార్థులు, తల్లిదండ్రులు చేసిన ఫిర్యాదులు చట్టసభల దాకా వెళ్లాయి. 1980లలో పలు రాష్ట్రాలు, 1990లో పెన్సిల్వేనియా, తరగతిలో పాఠం చెప్పేవారి ఆంగ్ల వాక్పటిమను పరీక్షించి తీరాలని చట్టాలు చేశాయి. (ఆంగ్లం అనర్గళంగా మాట్లాడుతూ అర్థం కాకుండా పాఠం చెప్పే స్వదేశీయుణ్ని పరీక్షించాలని ఏ చట్టసభకూ తోచకపోవడం గమనించదగ్గది.) ఆ పరీక్షలో తప్పినవారికోసం ఏర్పడిన కోర్సులు ఉచ్చారణతో ఆగలేదు. స్టాన్‌ఫర్డ్‌లో 1960లలో పాఠశాల ఉపాధ్యాయుల కోసం రూపుదిద్దుకొని, మన బీఎడ్ కళాశాలల్లోనూ స్థిరపడిన సూక్ష్మబోధనను, అంటే కొద్దిమంది ఎదుట అయిదు పది నిమిషాల పాఠం చెప్పించి, దాన్ని వీడియోలో చిత్రించి, లోటుపాట్లు చర్చించి, మళ్లీ చెప్పించే పద్ధతిని, ఈ కోర్సులు అందిపుచ్చుకున్నాయి. మధ్యలో లేచి ప్రశ్నించే అమెరికా విద్యార్థితో ఎలా వ్యవహరించాలో, బోర్డు మీద లెక్కను ఏ వరుసలో విప్పాలో కూడా వాటిలో భాగమయ్యాయి. పరాయివాడి లోపాన్ని దిద్దడానికి పుట్టిన ఈ కోర్సులు చాలాచోట్ల స్వదేశీ టీఏలకు దక్కిన శిక్షణ కంటే సమగ్రంగా ఉండేవన్నది కాదనలేని సంగతి. 1986లో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో టీఏల నియామకం, శిక్షణలపై తొలి జాతీయ సదస్సు జరిగేనాటికి, ఈ సమస్య అందరిదీ అన్న గుర్తింపు వచ్చింది.

ఆపై 1993లో మొదలైన ‘ప్రిపేరింగ్ ఫ్యూచర్ ఫ్యాకల్టీ’ కార్యక్రమం డాక్టరేట్ విద్యార్థులను ఇరుగుపొరుగు కళాశాలలకు పంపి, అక్కడి అధ్యాపక జీవితాన్ని దగ్గరినుంచి చూపించింది.

భారతదేశంలో ఈ క్రమం తలకిందులుగా నడిచింది. 1986 జాతీయ విద్యావిధానం దరిమిలా ఉస్మానియా వంటి విశ్వవిద్యాలయాల్లో వెలసిన అకడమిక్ స్టాఫ్ కళాశాలలు, ఉద్యోగంలో చేరిన అధ్యాపకులకే శిక్షణ ఇచ్చాయి తప్ప పరిశోధక విద్యార్థి వాటి పరిధిలోకి రాలేదు. 2022 నాటి యూజీసీ పీహెచ్‌డీ నిబంధనలు మాత్రం పరిశోధకులందరూ తమ విషయానికి సంబంధించిన బోధనలో శిక్షణ పొందాలని విధించి, వారికి వారానికి 4 నుంచి 6 గంటల ట్యుటోరియల్, ల్యాబ్, మూల్యాంకన పనులు అప్పగించవచ్చని చెప్పాయి. అయితే ఆ శిక్షణ ఎవరు, ఎన్నాళ్లు ఇవ్వాలన్నది విశ్వవిద్యాలయాలే తేల్చుకోవలసి ఉంది.