కంచెలు లేని చేలు - లాక్స్‌టన్ గ్రామము

ఇంగ్లండు దేశమున నాటింగ్‌హామ్‌షైర్ మండలమందు లాక్స్‌టన్ అను చిన్న గ్రామము కలదు. నార్మనుల కాలమున కట్టిన కోట అచట నుండెను. ఇప్పుడు మట్టిదిబ్బయు కందకముల జాడలును మాత్రమే మిగిలినవి. సెయింట్ మైకేల్ పేర పురాతనమైన క్రైస్తవాలయ మున్నది. అయినను ఆ యూరికి పేరు దెచ్చినవి యివి గావు, దాని చేలు.

పూర్వము మధ్య ఇంగ్లండునందలి పెక్కు గ్రామములలో సాగుభూమి రెండు మూడు పెద్ద చేలుగా నుండెడిది. ప్రతి చేనిలోను ఒక్కొక్క రైతునకు సన్నని పొడుగాటి చెక్కలు అక్కడక్కడ చెదరి యుండెడివి. కావున మంచి నేలయు చౌడు నేలయు నలుగురికిని పంపకమయ్యెడివి. నడుమ కంచెలు లేవు. లాక్స్‌టన్‌లో పడమటి చేను, దక్షిణపు చేను, మిల్లు చేను అని మూడు కలవు. ఒకదాన శరత్కాలమున గోధుమ విత్తుదురు. రెండవదాన వసంతపు పైరు వేయుదురు. మూడవదానిని బీడు విడిచెడివారు. ఏటేట ఈ వరుస మారును. 1635లో మార్క్ పియర్స్ అను భూమాపకుడు ఈ చెక్కల నన్నింటిని పటముగా వ్రాసెను. దున్నువారు, కోతకోయువారు సైతము అందు చిత్రింపబడిరి. ఆ పటము ఆక్స్‌ఫర్డు గ్రంథాలయమున భద్రముగా నున్నది.

18, 19 శతాబ్దములలో పార్లమెంటు శాసనములచే దేశమంతట ఇట్టి చేలకు కంచెలు పడెను. చిన్న రైతు లనేకులు మేతబయళ్లు కోల్పోయి కూలికి పోయిరి. లాక్స్‌టన్ చేలు మాత్రము నిలిచెను. అచటి భూస్వాములకు పొత్తు కుదరకపోవుటయే అందుకు కారణమందురు. పెద్దల తగవు పేదలకు మేలు చేయుట అరుదు! 1952లో ప్రభుత్వ వ్యవసాయశాఖ ఈ గ్రామభూములను కొనెను. 1981లో అవి రాజకీయాస్తి సంస్థకు చెందెను. 2020లో పూర్వపు యజమానులైన థోర్స్‌బీ ఎస్టేటు వారికే తిరిగి చేరెను.

గట్టు తగవు లెఱిగిన మీకు సందేహము కలుగవచ్చును: కంచె లేనిచోట ఒకరి నాగలి వేఱొకరి చెక్కలోనికి పోదా? పోవును. అందుకే ప్రతి సంవత్సరము నవంబరు చివర రైతులలోనుండి యేర్పఱచిన జూరీ, విత్తిన గోధుమచేనికి నడచిపోయి, హద్దులు చూచి కొయ్యలు పాతును. బాటను గాని పచ్చికను గాని దున్నినవారి పేరు వ్రాసికొందురు. పిమ్మట కోర్టు లీట్ అను గ్రామసభ కూడి తప్పు చేసినవానికి జుల్మానా విధించును. జూరీలోనివాడే దోషియైనను మినహాయింపు లేదు. వచ్చు ఏటి గోధుమచేనికి జూరీని ఆ సభలోనే నియమింతురు.